ఆరు లక్షల వాచీ, దానంతటదే ఊడే లాక్: ఇది మామూలేనా?

బెంజ్‌సర్కిల్_భాస్కర్
వాచీ కొని మూడు నెలలైంది. పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని మా ఆవిడా నేనూ దాచుకున్న డబ్బుతో కొన్నాం. స్విస్ కంపెనీ, ఆటోమేటిక్, స్టీలు చైను. ధర ఆరు లక్షలకు కాస్త అటూ ఇటూ. కంపెనీ పేరు రాయను. రాస్తే చర్చంతా ఆ కంపెనీ మంచిదా కాదా అన్నదాని మీదకు పోతుంది.

ఈ మూడు వారాల్లో రెండుసార్లు లాక్ దానంతటదే తెరుచుకుంది. మొదటిసారి బీసెంట్ రోడ్డులో. శనివారం సాయంత్రం, రెండు చేతులకీ సంచులు. చైను జారి బొటనవేలి మొదట్లో ఆగబట్టి తెలిసింది. రెండోసారి ప్రకాశం బ్యారేజీ మీద, స్కూటర్ తోలుతుంటే. ఎడం చేతి వైపు చూస్తే వాచీ గాజులా వేలాడుతోంది. కింద కృష్ణమ్మ. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

లాక్‌కు రెండు పక్కలా చిన్న బటన్లు ఉంటాయి. రెండూ కలిపి నొక్కితే తెరుచుకోవాలి. పైన మళ్ళీ మడిచే సేఫ్టీ మూత లాంటిదేమీ లేదు. కొన్నచోట చూపిస్తే నాలుగుసార్లు తెరిచి మూసి "బాగానే ఉంది సార్, మీరు సరిగ్గా నొక్కి ఉండరు" అన్నారు. యాభై రెండేళ్ళొచ్చాయి, వాచీ పెట్టుకోవడం రాదా నాకు?

ఇంత ఖరీదు వాచీకి ఈ లాక్ సరిపోతుందంటారా? మీలో ఎవరికైనా ఇలా అయిందా?

చిలకలపూడి_చిట్టి
మా ఊళ్ళో చేసే నాలుగొందల రోల్డ్‌గోల్డ్ బ్రేస్‌లెట్‌కు కూడా సన్నటి సేఫ్టీ గొలుసు ఉంటుందండీ. స్విస్ వాళ్ళని ఒకసారి బందరు రమ్మనండి, నేర్పిస్తాం.

సబ్‌మెరైన్_సుబ్బు
చిట్టి గారు సరదాకి అన్నా చాలామంది నిజంగానే అలా అనుకుంటారు, ధర పెరిగితే లాక్‌లు కూడా పెరుగుతాయని. వాచీ లోకంలో లెక్క అది కాదు. వాచీ ఏ పనికి తయారైందన్నదాన్ని బట్టి లాక్ ఉంటుంది.

రోలెక్స్‌నే తీసుకోండి. సబ్‌మెరినర్, జీఎంటీ-మాస్టర్ 2 లాంటి వాటికి ఆయిస్టర్‌లాక్ అని వస్తుంది. అసలు లాక్ మూసుకున్నాక పైన కిరీటం గుర్తున్న చిన్న మూత మళ్ళీ మడవాలి. అదే కంపెనీ డేట్‌జస్ట్‌కు ఆయిస్టర్ చైను వేస్తే దానికి ఉండేది ఆయిస్టర్‌క్లాస్ప్. ఆ పై మూత ఉండదు. డేట్‌జస్ట్ చవక వాచీ కాదు కదా. నీళ్ళలో దిగేవాడికి రెండో తాళం కావాలి, ఆఫీసుకెళ్ళేవాడికి చొక్కా చేతి కింద సన్నగా ఇమడాలి. అంతే తేడా.

కాబట్టి సేఫ్టీ మూత లేకపోవడం లోపం కాదు. కానీ మూడు వారాల్లో రెండుసార్లు ఊడటం ఖచ్చితంగా లోపమే. ఈ రెండూ కలిపేయకండి.

ఆటోనగర్_లేత్
సుబ్బు గారూ, అంటే ఆఫీసుకెళ్ళేవాడి వాచీ పోతే పోయిందనా? బ్యారేజీ మీద స్కూటర్ తోలేవాడికి రెండో తాళం అక్కర్లేదా?

సబ్‌మెరైన్_సుబ్బు
అలా అన్లేదు మాస్టారూ. ఒక్క లాక్ అయినా సరిగ్గా చేస్తే చాలు అంటున్నా.

ఆటోనగర్_లేత్
"సరిగ్గా చేస్తే" అన్నారే, అక్కడే ఉంది కథంతా. నేను రోజూ లారీల పార్టులు కోస్తా. నూరింటిలో ఒకటి తేడాగా వస్తుంది, ఏ దేశంలోనైనా. ఆ ఒక్కటీ భాస్కర్ గారి చేతికి వచ్చి ఉండొచ్చు. అది ఒప్పుకోకుండా "మీరు నొక్కలేదు" అనడం ఏంటి?

బ్రాడీపేట_4/14
చైను ఎంత వదులుగా పెట్టుకుంటారు సార్? చాలామంది మనవాళ్ళు గాజులాగా తిప్పుకుంటూ పెట్టుకుంటారు. వదులైతే వాచీ అరచేతి మొదటికి జారుతుంది, లాక్ ప్రతిదానికీ తగులుతుంది.

బెంజ్‌సర్కిల్_భాస్కర్
కాస్త వదులే. ఎండల్లో చెయ్యి ఉబ్బుతుందని నేనే వదులు చేయించుకున్నా. మధ్యాహ్నం రెండింటికి ఒకసారి ఏలూరు రోడ్డులో నిలబడి చూడండి, చైను బిగుతుగా ఉంటే తెలుస్తుంది.

టిక్‌టిక్_టీనా
దానికే కదా ఈ మధ్య లాక్‌లోనే సర్దుకునే ఏర్పాట్లు పెడుతున్నారు. నాది ట్యూడర్. టీ-ఫిట్ అంటారు, లాక్ లోపలే అయిదు మెట్లు, మొత్తం 8 మిల్లీమీటర్లు. పొద్దున ఒక మెట్టు బిగించి మధ్యాహ్నం ఒక మెట్టు వదులుతా. పిన్ను గిన్ను ఏమీ అక్కర్లేదు.

సబ్‌మెరైన్_సుబ్బు
రోలెక్స్ గ్లైడ్‌లాక్ కూడా అలాంటిదే, 2 మిల్లీమీటర్ల మెట్లతో సుమారు 20 మిల్లీమీటర్ల దాకా. 2008లో డీప్‌సీ అనే డైవింగ్ వాచీతో మొదలైంది, తర్వాత సబ్‌మెరినర్‌కు వచ్చింది. అసలు ఉద్దేశం డైవింగ్ సూటు మీద పెట్టుకోవడానికి. మనం విజయవాడ మే నెలకి వాడుకుంటున్నాం.

మిర్చియార్డ్_మూర్తి
నా వాచీ ఊడిన కథ వేరు. నాది లాక్ కాదు, పిన్ను.

2019 మార్చి, గుంటూరు యార్డులో సరుకు పోటెత్తి వస్తోంది. తేజా రకం మిర్చి కొనడానికి వెళ్ళా. రంగు పైన చూస్తే చాలదు, టిక్కీ (మిర్చి బస్తా) మధ్యలోకి చెయ్యి దూర్చి అడుగు కాయ తియ్యాలి, తేమ తెలియాలంటే. అలవాటుగా మోచేతి దాకా దూర్చి గుప్పెడు కాయ తీసి చూస్తున్నా, పక్కన గుమాస్తా "అయ్యా, వాచీ ఏది?" అన్నాడు. చెయ్యి చూసుకుంటే ఖాళీ. అప్పటికే నాలుగు లాట్లు తిరిగా. ఏ టిక్కీలో పడిందో!

బస్తాలు మోసే ముఠా వాళ్ళని బతిమాలి ఒక్కో టిక్కీ విప్పించా. ఎండు కాయ కదిలిస్తే ఘాటు ఎలా లేస్తుందో తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. అందరం తుమ్ముతూ, కళ్ళు తుడుచుకుంటూ. ఏడో టిక్కీలో దొరికింది. వాచీ ఒక ముక్క, వేలాడుతున్న చైను ఒక ముక్క. వాచీ చెవి దగ్గర చైనుని పట్టుకునే స్ప్రింగ్ పిన్ను విరిగింది. లాక్ మాత్రం గట్టిగా మూసే ఉంది!

ఆ సంతోషంలో తుడవకుండా జేబులో వేసుకుని, సాయంత్రం పిన్ను వేయించి పెట్టుకున్నా. మణికట్టు వారం మండింది.

చిలకలపూడి_చిట్టి
మూర్తి గారూ, ఆ టిక్కీ కాయకి ధర పెంచారా? స్విస్ ఫ్లేవర్ కదా.

మిర్చియార్డ్_మూర్తి
విప్పిన టిక్కీలన్నీ నన్నే కొనమన్నారమ్మా. ఆ రోజు వాచీ కంటే మిర్చికే ఎక్కువైంది.

గవర్నర్‌పేట_గడియారం
ఈ చర్చ మా అబ్బాయి చూపించాడు. 38 ఏళ్ళు వాచీ రిపేరు చేశాను, ఇప్పుడు షాపు వాడు చూసుకుంటున్నాడు. మూర్తి గారు చెప్పినదే అసలు మాట. నా బల్ల ముందుకు "వాచీ చేతి మీంచి పడింది" అని వచ్చినవాటిలో ఎక్కువ స్ప్రింగ్ పిన్ను పోయినవే. అగ్గిపుల్లంత సన్నగా ఉంటుందది. లోపల స్ప్రింగు, రెండు వైపులా మొనలు. చెమటకి లోపల తుప్పు పడుతుంది, పైకి కనపడదు. అయిదారు లక్షల వాచీని మోసేది అలాంటి పిన్నులు రెండు. సర్వీసుకిచ్చినప్పుడల్లా అవి మార్పించుకోండి, దాని ఖర్చెంతని.

భాస్కర్ గారి కేసు మాత్రం లాక్‌దే అనిపిస్తోంది. చెయ్యాల్సింది చెప్తాను. మంచం మీద కూర్చోండి, నేల మీద కాదు, పరుపు మీద చెయ్యి పెట్టండి. వాచీ పెట్టుకుని లాక్ మూయండి. ఇప్పుడు రెండు బటన్లలో ఒక్కటే నొక్కి చైను లాగండి. తెరుచుకోకూడదు. తర్వాత రెండోది ఒక్కటే నొక్కి లాగండి. అప్పుడూ తెరుచుకోకూడదు. మీరు చెప్పిన రకంలో ఒక్కో బటన్‌కు ఒక్కో పట్టు ఉంటుంది. ఒక పక్క వదిలినా రెండో పక్క పట్టి ఉంచాలి. ఏదైనా ఒక్కటి నొక్కితేనే తెరుచుకుందంటే, ఎదుటి పట్టు పనిచెయ్యట్లేదన్నమాట.

ఇంకొకటి, మూసేటప్పుడు చెవి దగ్గర పెట్టుకుని వినండి. రెండూ పడితే గట్టిగా "టక్" అంటుంది. ఒకటే పడితే పల్చగా "టిక్" అంటుంది. షోరూము కుర్రవాళ్ళకి ఏసీ మోతలో అది వినపడదు.

లబ్బీపేట_లలిత
ఇలా చెప్పేవాళ్ళు ఇప్పుడు కౌంటర్ల దగ్గర ఏరండీ. స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా.

మా అమ్మమ్మ లేడీస్ వాచీ ఒకటి నా దగ్గర ఉంది. బొటనవేలి గోరంత డయలు, దానికి అచ్చం చిట్టి గారు చెప్పినట్టే సన్నటి సేఫ్టీ గొలుసు. లాక్ ఊడినా వాచీ గొలుసుకి వేలాడుతుంది. మగవాళ్ళ వాచీలకి పెడితే బాగోదనుకున్నారో ఏమో!

డల్లాస్_గుడివాడ
చైనులు మానేసి నేటో స్ట్రాప్ వేసుకోండి బ్రదర్. నైలాన్ పట్టీ రెండు పిన్నుల వెనకనుంచీ దూరుతుంది. ఒక పిన్ను పోయినా వాచీ రెండో పిన్నుకి పట్టుకుని ఉంటుంది. చంద్రుడి మీదకి వెళ్ళిన ఒమేగా స్పీడ్‌మాస్టర్‌కు ఉన్నది స్టీలు చైను కాదు, వెల్క్రో పట్టీ. స్పేస్ సూటు మీద చుట్టుకున్నారు. చంద్రుడి మీద సరిపోయింది, బెంజ్ సర్కిల్‌లో సరిపోదా?

బ్రాడీపేట_4/14
చంద్రుడి మీద చెమట పట్టదు బ్రదర్. ఇక్కడ నైలాన్ పట్టీ మూడోరోజుకి వాసనొస్తుంది.

ఆటోనగర్_లేత్
ఆరు లక్షల వాచీకి స్కూల్ బ్యాగు పట్టీయా? సరేలెండి, మీ ఇష్టం.

బెంజ్‌సర్కిల్_భాస్కర్
గవర్నర్‌పేట మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశా. ఒళ్ళు జలదరించింది.

మోచేతి వైపు బటన్ ఒక్కటే నొక్కితే తెరుచుకోలేదు. బాగుంది. అరచేతి వైపుది ఒక్కటే నొక్కితే, లాగకముందే తెరుచుకుంది! పదిసార్లు చేశా, పదిసార్లూ అంతే. అంటే మోచేతి వైపు పట్టు అసలు పడట్లేదు. ఇన్నాళ్ళూ ఒంటి కాలి మీద నడిచిందన్నమాట.

మా అమ్మాయి ఫోన్ కెమెరాతో దగ్గరగా జూమ్ చేసి చూపించింది. అరచేతి వైపు బటన్ పైకి ఉబ్బి ఉంది. మోచేతి వైపుది వెంట్రుక మందాన లోపలికి దిగి ఉంది, నొక్కి వదిలినా పూర్తిగా బయటికి రావట్లేదు. దాని చుట్టూ తెల్లగా గట్టిపడిన ముద్ద. ముందు సబ్బు అనుకున్నా. మా ఆవిడ చూడగానే చెప్పింది, "మీ చెమటకాయల పౌడరు."

నిజమే. స్నానం కాగానే మెడకి, చేతులకి దట్టంగా పౌడరు కొట్టి, ఆ చేతికే వాచీ పెడతా. ఏప్రిల్ నుంచి రోజూ.

గవర్నర్‌పేట_గడియారం
పౌడరు, చెమట కలిస్తే సిమెంటే బాబూ. పౌడరు ఒక్కటే కాదు. విభూతి, గంధం, పసుపు, ఎండకి రాసుకునే క్రీములు, ఇవన్నీ లాక్‌లోంచి తీశాను. ఒకసారి ఒకాయన లాక్‌లోంచి పులిహోర మెతుకు తీశాను, గట్టిపడి ముత్యంలా ఉంది.

తీసే పద్ధతి ఇదీ. ముందు వాచీ పక్కనుండే కిరీటం (టైం మార్చే గుండీ) బిగించి ఉందో లేదో చూసుకోండి. నీళ్ళు తట్టుకునే వాచీయేనా, చూసుకోండి. లేదంటే చైను విప్పి అదొక్కటే కడగండి. గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, మెత్తటి పళ్ళ బ్రష్షు. సందుల్లో చెక్క పళ్ళపుల్ల వాడండి. పిన్నీసు, సూది పెట్టొద్దు, గీతలు పడతాయి. నూనె మాత్రం చుక్క కూడా వెయ్యొద్దు. నూనెకి దుమ్ము ఇంకా పట్టుకుంటుంది. కడిగాక ఆరనిచ్చి మళ్ళీ అదే పరీక్ష.

ఆటోనగర్_లేత్
మాస్టారి మీద గౌరవంతోనే అడుగుతున్నా. పౌడరు పడితే పట్టు పోయే లాక్ మంచి లాక్ ఎలా అవుతుంది? స్విట్జర్లాండ్‌లో పౌడరు కొట్టుకోరని ఇక్కడివాళ్ళకి కూడా అదే అమ్మితే ఎలా? బటన్ సందు ఇంకాస్త వదులుగా ఇచ్చి ఉంటే మురికి బయటికి పోయేది.

సబ్‌మెరైన్_సుబ్బు
సందు వదులిస్తే గలగలమంటుందని గొడవ చేసేదీ మనమే లేత్ గారూ. పాత రోలెక్స్ లాక్‌లు గుర్తున్నాయా? పల్చటి రేకు మడిచి చేసినవి. చేతికి పెట్టుకుంటే రేకు డబ్బా మోత అని వెక్కిరించేవాళ్ళు. 2000 తర్వాత ఒక్కోటీ గట్టి ముక్కలోంచి కోసిన లాక్‌లు తెచ్చారు. బరువుగా, బిగుతుగా, ముద్దొచ్చేలా ఉన్నాయి. కానీ ఆ పాత రేకులో మురికి నిలిచేది కాదు, ఏ మూలనుంచైనా కారిపోయేది.

గవర్నర్‌పేట_గడియారం
పాతదాంట్లో ఇంకో సుఖముండేది. పట్టు వదులైతే చిన్న పట్టకారుతో కాస్త వంచితే మళ్ళీ బిగిసేది. హెచ్‌ఎంటీ చైనులు అలా ఎన్ని వంచానో! ఇప్పుడు గట్టి లాక్‌లు అలా వంచకూడదు. వంచితే విరుగుతుంది, లేదా రెండో పక్క ఎత్తుతుంది. ఎవరైనా "ఇటివ్వండి సార్, బిగిస్తా" అని పట్టకారు తీస్తే వాచీ లాక్కుని వచ్చేయండి. నా కొడుకైనా సరే.

టిక్‌టిక్_టీనా
ఒక సందేహం. భాస్కర్ గారి లాక్‌లో ఒక పక్క పట్టు లేదు, సరే. కానీ రెండోది ఉంది కదా. అది ఎందుకు తెరుచుకుంది? ఎవరు నొక్కారు?

బ్రాడీపేట_4/14
నేను మొదట్లోనే అడిగింది అదే. వదులు! వాచీ జారి అరచేతి మొదటికి వస్తుంది. చెయ్యి లోపలికి వంచితే అరచేతి గుబ్బ పోయి ఆ బటన్‌కు తగులుతుంది. నొక్కింది ఆయన చెయ్యే.

బెంజ్‌సర్కిల్_భాస్కర్
ఇప్పుడే అద్దం ముందు చేసి చూశా. మీరు చెప్పింది అక్షరాలా నిజం సార్. చెయ్యి వంచగానే అరచేతి గుబ్బ సరిగ్గా ఆ బటన్ మీదే పడుతోంది. బీసెంట్ రోడ్డులో సంచి తాళ్ళు మణికట్టుకి తగిలించుకున్నా, అప్పుడవి నొక్కి ఉంటాయి.

ఇంకో విషయం. లాక్ మణికట్టు మధ్యలో లేదు, ఒక వారగా ఉంది. లింకులు తీసినవాడు మూడూ ఒక్క వైపే తీశాడట, చైను లెక్కపెడితే తెలిసింది. రెండు వైపులా ఎక్కువ తక్కువలు చూడకుండా.

గవర్నర్‌పేట_గడియారం
అదిగో! లింకులు రెండు వైపులా చూసి తియ్యాలి. మామూలుగా 6 అంకె వైపు ఒకటి తక్కువుంటే లాక్ మధ్యలోకి వస్తుంది. చెయ్యి చెయ్యికీ కొంచెం మారుతుంది. ఒక్క వైపే తీస్తే పని తొందరగా అవుతుంది, అందుకని తీసేస్తారు. మీ చైనుకి స్క్రూలా, పిన్నులా?

బెంజ్‌సర్కిల్_భాస్కర్
స్క్రూలు.

ఆటోనగర్_లేత్
స్క్రూలైతే మళ్ళీ బిగించేటప్పుడు లాక్‌టైట్ 222 చుక్క వేయమనండి, స్క్రూ వదులవకుండా పట్టే జిగురు, ఊదా రంగుది. అది చిన్న స్క్రూలకి, తర్వాత విప్పుకోవచ్చు. మా దగ్గర ఇంజన్లకి వాడే ఎర్రది వేశాడంటే ఆ లింకు మీ మనవడి కాలానికి కూడా ఊడి రాదు.

మిర్చియార్డ్_మూర్తి
లేత్ గారు వాచీల్లోకి వచ్చేశారండోయ్.

ఆటోనగర్_లేత్
స్క్రూ ఎక్కడైనా స్క్రూయే మూర్తి గారూ. చిన్నదైతే భూతద్దం కావాలి, అంతే.

పెదకాకాని_ప్రసాద్
మొత్తం చదివా. లాక్ బాగున్నా పిన్ను బాగున్నా పోయేరోజు పోతుంది. 2016 ఆగస్టు పుష్కరాలు. మా నాన్నగారు సీతానగరం వైపు స్నానానికి దిగారు. వాచీ తియ్యమంటే వినలేదు, "వాటర్‌ప్రూఫ్‌రా" అన్నారు. మూడో మునకకి మా వాడు భయపడి తాత చెయ్యి పట్టుకు లాగాడు. చైను వాడి చేతిలోకి వచ్చింది, వాచీ కృష్ణలోకి పోయింది. మా నాన్న ఒక్క నిమిషం నీళ్ళ వంక చూసి "పుష్కరుడికి ఇచ్చాను" అని నాలుగో మునక వేశారు.

చిలకలపూడి_చిట్టి
ఆయనకో దణ్ణం.

లబ్బీపేట_లలిత
పోయాక పుణ్యం సరే, పోకముందు ఇన్సూరెన్స్ చూసుకోండి. ఇంటి పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. మామూలుగా అది ఇంట్లో దొంగతనానికి. బయట చేతి మీంచి పడిపోతే రావాలంటే ఆ వస్తువును విలువతో సహా పాలసీలో విడిగా రాయించుకోవాలి. మా తమ్ముడికి క్లెయిమ్ దగ్గర తెలిసొచ్చింది. బిల్లు, సీరియల్ నంబరు, రెండు ఫొటోలు మెయిల్‌లో పెట్టుకోండి. సాయంకాలం పది నిమిషాల పని.

డల్లాస్_గుడివాడ
ఇంత జాగ్రత్త కంటే క్యాసియో కొనుక్కోవడం నయం కదా. నేటో అంటే నవ్వారు గానీ.

బెంజ్‌సర్కిల్_భాస్కర్
బ్రదర్, క్యాసియో నా దగ్గర కూడా ఉంది, మంచి వాచీ. కానీ పాతికేళ్ళ పెళ్ళిరోజుకి మా ఆవిడ చేతులతో క్యాసియో పెట్టించుకోమంటారా?

సబ్‌మెరైన్_సుబ్బు
కడిగారా మరి? ఏమైంది?

బెంజ్‌సర్కిల్_భాస్కర్
కడిగా. ఆదివారం పొద్దున, పెరట్లో పీట వేసుకుని. గిన్నెలో నీళ్ళు పల్చటి మజ్జిగలా అయ్యాయి. మూడుసార్లు మార్చా. పళ్ళపుల్లతో బటన్ చుట్టూ గీరితే చిన్న చిన్న పెంకులు లేచి వచ్చాయి. ఆరాక మాస్టారి పరీక్ష పెట్టా. ఇప్పుడు ఏ బటన్ ఒక్కటి నొక్కినా తెరుచుకోవట్లేదు. "టక్" కూడా వినపడింది, మొదటిసారి.

కానీ మోచేతి వైపుది ఇంకా కాస్త బద్ధకంగానే ఉంది. పదిసార్లలో ఒకసారి పైకి రావడం ఆలస్యమవుతోంది.

ఆటోనగర్_లేత్
అక్కడ ఆగొద్దు. స్ప్రింగు బలహీనం. నేను ముందే అన్నా, నూరింటిలో ఒకటి. వారంటీలో ఉంది, మార్చమనండి.

గవర్నర్‌పేట_గడియారం
లేత్ బాబు చెప్పింది నిజమే. మురికి ఒక కారణం, కానీ కొత్త స్ప్రింగు ఆ మాత్రం మురికిని తోసుకుని రావాలి. మూడు నెలలకే ఓడిపోకూడదు. పరీక్ష చేసేటప్పుడు వీడియో తీసి తీసుకెళ్ళండి. "ఊడింది" అని నోటితో చెప్తే నమ్మరు, ఒక్క బటన్‌తో తెరుచుకోవడం కళ్ళతో చూస్తే మాట్లాడరు.

పెదకాకాని_ప్రసాద్
అప్పటిదాకా బ్యారేజీ మీదకి వెళ్ళకండి సార్. పుష్కరుడు మళ్ళీ 2028లో వస్తాడు, తొందర లేదు.

బెంజ్‌సర్కిల్_భాస్కర్
పదహారు రోజుల తర్వాత రాస్తున్నా, అడిగినవాళ్ళు ఉన్నారు కాబట్టి.

కడగకముందు మా అమ్మాయి తీసిన వీడియో ఒకటి ఉంది. అది చూపించా. కౌంటర్లో కుర్రాడు మళ్ళీ "మీరు సరిగ్గా..." అని మొదలుపెట్టాడు. వీడియో రెండోసారి పెట్టా. లోపలికెళ్ళి పెద్దాయన్ని పిలుచుకొచ్చాడు. ఆయన కంటికి భూతద్దం పెట్టుకుని బటన్ ఇరవైసార్లు నొక్కి చూసి, ఏమీ అనకుండా రసీదు రాశాడు. పన్నెండు రోజులకి లాక్ మొత్తం మార్చి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. పాత లాక్ అడిగితే ఇవ్వలేదు. ఒక్క మాట "సారీ" అనలేదు, అది కూడా రాయాలి కదా.

లింకు ఒకటి అటు నుంచి ఇటు వేయించా. లాక్ ఇప్పుడు నడిమధ్యలో ఉంది. చైను చిటికెన వేలు దూరేంత వదులు, అంతే. అరచేతి గుబ్బ తగలట్లేదు. స్ప్రింగ్ పిన్నులు కూడా చూడమన్నా, మూర్తి గారి మిర్చి గుర్తొచ్చి.

లేత్ గారూ, సేఫ్టీ మూత ఉన్న మోడల్‌కి మార్చుకుందామా అని ఆలోచించా. మా ఆవిడ వద్దంది. ఇదే కలిసి కొన్నాం అంది. పౌడరు మాత్రం ఇప్పుడు ఎడం చేతికి కొట్టట్లేదు. ఒక చెయ్యి చల్లగా, ఒక చెయ్యి చిరచిరలాడుతూ తిరుగుతున్నా.

రోజూ పొద్దున వాచీ పెట్టుకుంటుంటే వంటింట్లోంచి మా ఆవిడ అరుస్తుంది, "టిక్ అంది, టక్ అనలేదు. మళ్ళీ పెట్టండి" అని. ఏసీ లేని ఇల్లు కదా, అన్నీ వినపడతాయి.

గవర్నర్‌పేట_గడియారం
మీ ఆవిడని షాపుకి పంపండి, మా వాడి కంటే బాగా పనికొస్తుంది.

చిలకలపూడి_చిట్టి
అన్నీ తెలిశాయి గానీ సార్, ఆ పౌడరు ఏ కంపెనీది?

బెంజ్‌సర్కిల్_భాస్కర్
కంపెనీ పేర్లు రాయనని మొదటే చెప్పానమ్మా.